అమ్మాయి సెన్సర్ల మీద పరిశోధన చేస్తానంటోంది, చేయనివ్వాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల సాగు. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. పీహెచ్‌డీ దాకా చదివి, జీవకణాల్లో లోహ అయాన్లను వెలుగుతో చూపే సెన్సర్లు తయారు చేస్తానంటోంది. డేటా సైన్స్ నేర్చిన మా అన్న కొడుకు మంచి జీతంతో ఉద్యోగంలో చేరాడు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, ఏళ్లు గడిచాక అమ్మాయి చేతికి ఏమీ రాకపోతే ఎలా అన్నదే మీ అసలు భయం. తండ్రికి అది సహజమే. కానీ ఉత్తరంలో మీ అన్నగారి అబ్బాయి జీతం ఉంది, మీ అమ్మాయికి కెమిస్ట్రీలో ఎన్ని మార్కులో లేదు. ఇది సరికాదు.

ఆమె చెప్పేది మీకు తెలియని విద్యేమీ కాదు. చెరువు నీటికి హార్డ్‌నెస్ పరీక్ష చేయడం చూసే ఉంటారు. సూచిక రంగు కలిపి ద్రాక్షరసం రంగుకు తెచ్చిన నీటిలో ఈడీటీఏ అనే రసాయనం చుక్కచుక్కగా పడుతుంటే, ఒక్క చుక్కతో అంతా నీలమవుతుంది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లను ఈడీటీఏ పట్టేసుకుందని గుర్తు. దాని దగ్గరి చుట్టం ఈజీటీఏ అనే రసాయనాన్ని మలిచి రోజర్ చియెన్ అనే శాస్త్రవేత్త 1980లో కాల్షియాన్ని పట్టే బాప్టా అనే అణువును రూపొందించారు. 1985లో సహచరులతో కలిసి ఫ్యూరా-2 అనే సెన్సర్‌ను తెచ్చారు. బతికున్న కణంలో కాల్షియం హెచ్చుతగ్గులను అది వెలుగుగా చూపుతుంది.

నా సందేహం వేరే. ఈ రంగంలో ఇప్పుడు వేలంవెర్రి ఉంది. అల్ట్రావయొలెట్ దీపం కింద సీసా మెరిస్తే చాలు, పరిశోధన పత్రం సిద్ధం. సేంద్రియ ద్రావణిలో మెరిసినది కణంలో మెరవాలని లేదు. అక్కడ ఉన్నది నీరు, అయాన్ల కోసం పోటీపడే ప్రోటీన్లు. రాగి అయాన్లయితే చాలాసార్లు వెలుగును ఆర్పేస్తాయి. విశ్రాంతిలో ఉన్న కణంలో స్వేచ్ఛా కాల్షియం సుమారు 100 నానోమోలార్ (లీటరుకు ఒక మోల్‌లో కోటోవంతు), బయట దానికి పదివేల రెట్లు. అంత సూక్ష్మాన్ని పట్టాలి. అందుకే గైడును ఎంచుకునే ముందు ఒక్కటి అడగమనండి: మీ సెన్సర్‌ను జీవశాస్త్రవేత్తలు ఎవరైనా వాడుతున్నారా? జవాబు తడబడితే మరో ల్యాబు చూసుకోవాలి.

డేటా సైన్స్ అంటారా, లెక్కల మీద ఇష్టం లేని పిల్లను కొద్దినెలల కోర్సులో కూర్చోబెడితే ఫీజు పోవడమే మిగులుతుంది. సెన్సర్ విఫలమైనా, అణువును తయారుచేసి శుద్ధిచేసే నేర్పు ఎక్కడికీ పోదు. హైదరాబాద్, విశాఖ మందుల కంపెనీలకు కావలసింది అదే. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, మీ మీద భారం పడదు.

ఇప్పుడు నిర్ణయించాల్సింది రెండేళ్ల ఎమ్మెస్సీ మాత్రమే. దరఖాస్తు చేయించండి. చివరి ఏడాది ప్రాజెక్టు పూర్తయ్యాక మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.