చైను లూజు సరే, చేతిలో రొక్కమెంత?

ప్రశ్న: విజయవాడ భవానీపురంలో ఉంటాను. వయసు 34, చేతికొచ్చే జీతం 72,000. ఐదు నెలల కిందట హైదరాబాద్‌లో 3.20 లక్షలు పెట్టి స్విస్ వాచీ కొన్నాను. క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐ, వడ్డీ 16 శాతం, ఐదు కట్టాను. స్టీలు చైను లూజుగా ఉంది. బీసెంట్ రోడ్డులో లింకులు తీయడానికి 1,500 అడిగారు. 600 రూపాయల కిట్టు తెప్పించి ఇంట్లోనే తీసుకోవచ్చా? మా ఆవిడ బంగారం మీద 2 లక్షలు తెచ్చి ఇంకో వాచీ కొని, ధర పెరిగాక అమ్మి కార్డు బాకీ తీర్చాలన్న ఆలోచన కూడా ఉంది. ఈఎంఐ కాక ఇంటి ఖర్చులన్నీ కలిపి నెలకు 47,000. బ్యాంకులో 38,000 ఉంది.

జవాబు: బంగారం ఆలోచన ఇక్కడితో ఆపేయండి. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి వస్తువు కొనడాన్ని పెట్టుబడి అనరు. సెకండ్‌హ్యాండ్ ఖరీదు వాచీల ధరలు 2022 మొదట్లో ఆకాశాన్నంటి, ఆ తర్వాత దిగొచ్చాయి. అదీ గిరాకీ ఉన్న కొద్ది మోడళ్ళ సంగతి. మిగతావి షోరూము గడప దాటాక కొన్న ధరకు పోవు. వాచీ ధర దిగినా బంగారం మీద అప్పుకు వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది.

మీ ప్రశ్న తీసుకోవడానికి కారణం ఉంది. 1,500 దగ్గర ఇంత ఆలోచించేవాళ్ళే పెద్ద లెక్క దగ్గర కళ్ళు మూసుకోవడం చాలా ఇళ్ళలో జరుగుతోంది. మీ ఈఎంఐ సుమారు 15,668. ఇరవై నాలుగు నెలలకు 3.76 లక్షలు, అందులో వడ్డీయే 56,000. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 10,000. వాచీ అసలు ఖరీదు మీకు 3.86 లక్షలు పడుతోంది.

ఇక చైను. కొన్న షోరూములో సాధారణంగా లింకులు ఊరికే సర్దిస్తారు, ఫోను చేసి అడగండి. ఈలోగా లాకు పక్క చూడండి. చాలా వాచీలకు అక్కడ వరసగా మూడు నాలుగు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో కూర్చున్న స్ప్రింగు పుల్లను చెక్క టూత్‌పిక్‌తో నొక్కి ఒక రంధ్రం లోపలికి జరిపితే చైను రెండు మూడు మిల్లీమీటర్లు బిగుస్తుంది. లోహం తగలదు కాబట్టి గీత పడదు, కిట్టూ అక్కర్లేదు. కొలత మాత్రం పొద్దున ఏసీ గదిలో చూడకండి. మన ఎండలకు సాయంత్రానికి మణికట్టు ఉబ్బుతుంది. సాయంత్రం పూట చైనుకీ చేతికీ మధ్య చిటికెన వేలు దూరితే చాలు.

అప్పటికీ జారుతుంటే లింకు అంచు పరీక్షగా చూడండి. ఒకపక్క గాడి, రెండోపక్క నున్నగా ఉంటే అది సాధారణంగా స్క్రూ. రెండుపక్కలా గాడి ఉంటే రెండు ముక్కల స్క్రూ కావచ్చు. దానికి రెండు స్క్రూడ్రైవర్లు ఒకేసారి పట్టాలి, ఇంట్లో ముట్టుకోవద్దు. లింకు లోపలివైపు బాణం గుర్తులుంటే మాత్రం పిన్ను, గాడిలా కనిపించేది దాని చీలిక కావచ్చు.

స్క్రూల దగ్గరే నష్టం ఎక్కువ. కంపెనీలో స్క్రూ మరల (చుట్ల) మీద థ్రెడ్‌లాకర్ అనే జిగురు వేసి బిగిస్తారు. చవక కిట్టులో స్క్రూడ్రైవరు మొన మెత్తన. అది వంగి గాడిలోంచి జారితే పక్క లింకు మీద లోతుగా గీత పడుతుంది, లేదా గాడి అంచులే అరిగిపోతాయి. గాడి పోయిన స్క్రూ బయటికి రావాలంటే డ్రిల్లింగే. మొన వెడల్పు గాడికి సరిగ్గా అతకాలి. మామూలుగా 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తిప్పేముందు ఆ లింకుకు మాత్రమే హెయిర్ డ్రయ్యరుతో వేడి తగిలిస్తే జిగురు మెత్తబడుతుంది, వేడి డయలు వైపు పోకూడదు. చుట్టూ టేపు అంటించి, గట్టిగా అదిమిపెట్టి నెమ్మదిగా తిప్పాలి. తిరిగి బిగించేటప్పుడు మరల మీద ఊదా లేక నీలం రంగు థ్రెడ్‌లాకర్ టూత్‌పిక్ మొనంత. ఎర్రది వద్దు, అది శాశ్వతంగా పట్టేస్తుంది. ఎక్కువైతే లింకు బిగుసుకుపోయి మడత పడదు. ఒక రోజు ఆరనివ్వాలి. ఈ జిగురు మానేసినవాళ్ళ స్క్రూలే కొన్ని వారాలకు వాటంతట అవి వదులై, బండి మీద పోతుండగా వాచీ రోడ్డు మీద పడుతుంది.

పిన్ను అయితే బాణం చూపిన దిక్కుకు కొట్టి తీయాలి, ఎదురు దిక్కు నుంచి పెట్టాలి, చీలిక ఉన్న కొస ఆఖరున లోపలికి పోవాలి. సీకో లాంటి కొన్నిటిలో మధ్య లింకులో ఆవగింజంత గొట్టం ఉంటుంది. అది కింద పడిపోయినా పిన్ను పట్టినట్టే కనిపిస్తుంది, కానీ నిలవదు. అందుకే అంచున్న పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి పని చేయాలి. ఎన్ని తీసినా రెండువైపుల నుంచీ సమంగా తీయండి, బేసి లింకు వస్తే ఆరు అంకె వైపు నుంచి.

నా మాట: మీది స్క్రూల చైను అయితే 1,500 ఇచ్చి మీ కళ్ళ ముందే చేయించండి. సరైన స్క్రూడ్రైవరు, జిగురు కొన్నా ఖర్చు అటూ ఇటూ అంతే అవుతుంది. మీరు సొంతంగా చేసిన గీతకు వారంటీ ఉండదు. ఇంటి బీమాలో వాచీని విలువతో సహా విడిగా రాయించకపోతే అదీ ఉందనుకోవద్దు. వాచీ పోయినా మిగిలిన 19 ఈఎంఐలు మాత్రం పోవు.

అసలు భయం అక్కడుంది. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు, జీఎస్టీ కాక, 62,668. బ్యాంకులో ఉన్న 38,000 పద్దెనిమిది రోజులకు వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. నీళ్ళు పట్టిన ఫ్రిజ్జూ, మంచాలూ, బండీ బాగు చేసుకోవడానికి అది ఏ మూలకు వస్తుంది? అలాంటి వారం మీ ఇంటికి వస్తే వాచీ అమ్ముడుపోయేదాకా ఆగలేరు. మళ్ళీ అదే కార్డు గీస్తారు, ఈసారి నెలకు మూడు శాతం పైన వడ్డీకి.

జీతంలో నెలకు 9,332 మిగులుతోంది, వడ్డీ మీద జీఎస్టీ పోను మిగిలిన నెలల్లో సగటున 9,000 దాకా. ఆ 9,000 జీతం పడిన రోజే అత్యవసర నిధిగా వేరే బ్యాంకు ఖాతాలోకి పంపండి, ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి. ఇప్పుడున్న 38,000తో కలిపి పది నెలలకు 1.28 లక్షలు, అంటే రెండు నెలల ఖర్చు. అప్పటిదాకా కొత్త సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టేది) వద్దు, చిట్టీ వద్దు, ఫోను మార్చడం వద్దు. ఈఎంఐ అయిపోయే 19వ నెలకు 2.09 లక్షలు. ఆ తర్వాత ఈఎంఐ సొమ్ము కూడా అందులోకే మళ్ళిస్తే 22వ నెలకు 2.83 లక్షలు, అప్పటి మీ ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది. ఏటా వచ్చే బోనస్ మొదట ఇందులోనే పడాలి. టర్మ్ పాలసీ (జీవిత బీమా), కుటుంబ ఆరోగ్య బీమా లేకుంటే ఆ ప్రీమియం కూడా బోనస్ నుంచే తీయండి.

బ్యాంకులో బంగారం కుదువపెట్టి కార్డు బాకీ తీర్చడం వడ్డీ లెక్కలో మేలే కావచ్చు. కానీ నిధి లేని ఇంట్లో చివరి ఆసరా ఆ బంగారమే, దాన్ని కదపొద్దు.

ఇంకో దారి వాచీ అమ్మడం. కార్డు బాకీ ఇప్పుడు సుమారు 2.61 లక్షలు, ముందే తీర్చే ఛార్జీ ఎంతో బ్యాంకును అడగండి. ఆ రెంటికీ సరిపడా ధర పలికితే అమ్మేయమనే చెబుతాను. అందుకే తీసిన ప్రతి లింకూ, దాని స్క్రూ లేదా పిన్నుతో సహా చిన్న కవరులో వేసి, వారంటీ కార్డూ బిల్లూ ఉన్న పెట్టెలోనే పెట్టండి. లింకులు తక్కువైతే లావు చేతివాడికి చైను పట్టదు, కొనేవాడు అక్కడే ధర కోస్తాడు.