తిరిగే కోణం, మారే వేగం

ప్రశ్న: గోడకు 50 మీటర్ల లంబదూరంలో ఉన్న దీపం నిమిషానికి 2 సార్లు చొప్పున తిరుగుతోంది. గోడపై పడే వెలుగుచుక్క లంబపాదం నుంచి 50 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని వేగమెంత? కోణాన్ని 45 డిగ్రీలుగా తీసుకుని అవకలనం చేస్తే సున్నా వచ్చింది. వరుస మార్చి చేస్తే నిమిషానికి 72,000 మీటర్లు వచ్చింది. పొరపాటు ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని

జవాబు: రెండు సమాధానాల్లోనూ తప్పుంది, కాని కారణాలు వేరు. 45 డిగ్రీలన్నది ఆ ఒక్క క్షణానికి చెందిన విలువ. దాన్ని ముందే ప్రతిక్షేపిస్తే కాలంతో మారవలసిన కోణం స్థిరరాశి అయిపోతుంది, స్థిరరాశి అవకలజం సున్నాయే కదా! అందువల్ల మొదట ఏ క్షణానికైనా వర్తించే సంబంధాన్ని, అంటే దూరం = 50 టాన్ తీటా (తీటా అంటే దీపం నుంచి గోడకు గీసిన లంబంతో కిరణం చేసే కోణం) అని రాసుకుని, కాలం దృష్ట్యా అవకలనం చేశాకే విలువలు ప్రతిక్షేపించాలి. అప్పుడు వేగం = 50 × సెక్ స్క్వేర్ తీటా × కోణీయ వేగం అని వస్తుంది.

రెండోసారి మీరు ఈ వరుసను సరిగానే పాటించినా, కోణీయ వేగాన్ని 720 డిగ్రీలుగా తీసుకున్నారు. టాన్ అవకలజం సెక్ స్క్వేర్ అవుతుందన్న సూత్రం కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే చెల్లుతుంది. రెండు భ్రమణాలంటే 4పై రేడియన్లు, 45 డిగ్రీల వద్ద సెక్ స్క్వేర్ విలువ 2. కాబట్టి వేగం 50 × 2 × 4పై, అంటే 400పై, సుమారుగా నిమిషానికి 1,257 మీటర్లు.

సెక్ రెండుసార్లు ఎందుకు వచ్చిందో గ్రహిస్తే ఈ సూత్రాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. కోణం పెరిగేకొద్దీ కిరణం పొడవు 50 సెక్ తీటాగా పెరుగుతుంది కనుక, కిరణానికి లంబదిశలో దాని కొన వేగం కూడా అన్ని రెట్లవుతుంది. పైగా కిరణం గోడను ఏటవాలుగా తాకడం వల్ల, ఆ కదలిక గోడ వెంబడి మరోసారి సెక్ తీటా రెట్లు సాగుతుంది. లంబపాదం వద్ద సుమారు 628 మీటర్లుగా ఉన్న వేగం 60 డిగ్రీల వద్ద నాలుగింతలై 2,513 మీటర్లకు చేరడానికి కారణం ఇదే.

ప్రశ్నలో దూరమే ఇస్తే కోణం కనుక్కోవడం అనవసర శ్రమ: సెక్ స్క్వేర్‌కు బదులు, దూరాన్ని 50తో భాగించి వర్గం చేసి 1 కలిపితే సరిపోతుంది.

దీపం స్థానంలో కెమెరా ఉండి, గోడ వెంబడి నిమిషానికి 60 మీటర్ల వేగంతో నడిచే మనిషిని అది అనుసరిస్తుంటే, తెలియనిది కోణీయ వేగమే. అదే సమీకరణాన్ని తిరగేస్తే లంబపాదం వద్ద నిమిషానికి 1.2 రేడియన్లు, 50 మీటర్లు దాటే క్షణంలో 0.6 రేడియన్లు వస్తాయి.