పదిహేనేళ్ళ పిల్లాడిని వేసవి ఫైర్ క్యాంపుకి పంపొచ్చా?

తొమ్మిదో తరగతి పూర్తిచేసిన మీ అబ్బాయిని అయిదు రోజుల ఫైర్ క్యాంపుకి, అంటే మంట ఆర్పడం, ప్రమాదం నుంచి బయటపడడం నేర్పే శిక్షణకి, పంపొచ్చా అని రాశారు. పంపండి. అయితే డబ్బు కట్టేముందు నిర్వాహకులకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: ఈ అయిదు రోజుల్లో మంట ఆర్పడం ఎన్ని గంటలు నేర్పుతారు, పొగలోంచి బయటపడడం ఎన్ని గంటలు నేర్పుతారు? మీరు రాసినదాన్ని బట్టి వాళ్ళ కరపత్రంలో హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలున్నారు, నీళ్ళు ఎగజిమ్మే హోస్ ఉంది, నిలువెత్తు మంట ఉంది, ఆఖరి రోజు సర్టిఫికెట్ ఉంది. పొగ గది, అంటే పొగ నిండిన చీకటి గదిలోంచి బయటపడే సాధన, ఊసే లేదు. ఫస్ట్ ఎయిడ్ గురించి ఒక్క ముక్క. నా దృష్టిలో అసలు చదువు ఆ రెండే. తొమ్మిదో తరగతి పూర్తిచేసిన పిల్లాడికి రేపు హోస్ పట్టుకునే పని ఎక్కడా పడదు. మాల్లోనో, హాస్టల్లోనో, నాలుగో అంతస్తు కోచింగ్ సెంటర్లోనో పొగలో చిక్కుకునే ప్రమాదం మాత్రం నిజంగానే ఉంది.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పోయారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్‌హౌజ్‌లో 17 మంది, వాళ్ళలో ఎనిమిది మంది పిల్లలు. రెండుచోట్లా ఊపిరి తీసింది పొగ. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముక్కుకి తడి రుమాలు కట్టుకుంటే చాలని చాలామంది నమ్ముతారు. తడి గుడ్డ మసిని కాస్త ఆపుతుందేమో గానీ ఈ గ్యాస్‌ని ఆపలేదు. రుమాలు వెతుక్కుంటూ నిలబడ్డ అర నిమిషంలో నేలకి వంగి తలుపు దాకా పాకొచ్చు.

ఇక పొగ గది ఎలా ఉండాలో చెప్తాను, అక్కడికి వెళ్ళి చూసినప్పుడు పోల్చుకోండి. ఒక మామూలు క్లాస్‌రూమ్ చాలు. కిటికీలకి నల్ల పట్టా, లోపల అడ్డదిడ్డంగా నాలుగు బెంచీలు, నాటకాల స్టేజీ మీద వాడే ఫాగ్ మెషిన్. టైర్లు, గడ్డి కాల్చి పొగ పెట్టేవాళ్ళ దగ్గరికి పిల్లల్ని పంపొద్దు, అది నిజం విషమే. పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. లోపల ఒక శిక్షకుడు, బయట లైటు స్విచ్ మీద, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద చెయ్యి పెట్టుకుని ఇంకొకరు. లోపలినుంచి ఎవరు అరిచినా రెండు సెకన్లలో వెలుతురు రావాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకి ఫాగ్ కూడా పడకపోవచ్చు, వాళ్ళకి కళ్ళకు గంతలు కట్టి ఇదే పాఠం చెప్పాలి.

ముందున్న పిల్లాడు మోకాళ్ళ మీద పాకుతూ కుడిచేతి వెనకభాగం గోడకి ఆనించి కదులుతాడు. వెనకున్నవాడు అతని చీలమండ పట్టుకుంటాడు. అరచెయ్యి వద్దు, చేతి వెనకభాగమే ఎందుకంటే, తెగిన కరెంటు తీగ తగిలితే కండరాలు బిగుసుకుని అరచెయ్యి తీగని పట్టేసుకుంటుంది. వెనకభాగం తగిలితే చెయ్యి తనంతట తాను లోపలికి ముడుచుకుపోతుంది. తలుపు దొరికాక కింది నుంచి పైకి తడమాలి. వేడిగా ఉంటే తెరవకూడదు. చల్లగా ఉంటే కొంచెమే తెరిచి, బయటికొచ్చాక వెనక మళ్ళీ మూసేయాలి. మూసిన మామూలు చెక్క తలుపు కూడా పొగని నిమిషాలపాటు ఆపుతుంది.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాట్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే. మోకాలు నొప్పెట్టగానే లేచి నిలబడతారు. బెంచీ అడ్డొస్తే చుట్టూ తిరిగి వెళ్ళడానికి గోడ వదిలేస్తారు, ఆ తర్వాత దిక్కు తెలీదు. బెంచీ అడ్డొచ్చినా దాన్ని తడుముకుంటూ మళ్ళీ గోడ పట్టుకోవాలని నాలుగోసారికి గానీ వంటబట్టదు. ఫోన్ టార్చ్ వెయ్యాలని చూస్తారు. వేస్తే ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు, వెలుతురంతా పొగకి తగిలి వెనక్కే వస్తుంది. అందుకే పొగ గదిలో ఒక్కసారి తిప్పి ఫోటో తీసి పంపేయడం పనికిరాదు. ఒక్కో జంట కనీసం నాలుగుసార్లు వెళ్ళాలి, ప్రతిసారీ బెంచీల అమరిక మారాలి. ఒకసారి దారి పూర్తిగా మూసేసి, గదిలోనే ఉండిపోవడం కూడా నేర్పాలి: తలుపు సందులో తడి గుడ్డలు కుక్కడం, రోడ్డు వైపు కిటికీ దగ్గరికి చేరడం, లేత రంగు బట్ట ఊపడం, ఎన్నో అంతస్తో, ఏ వైపో అగ్నిమాపక నంబరు 101కి చెప్పడం.

ఫోన్ చేయడం కూడా పాఠమే. ఈ కాలం పిల్లలు లొకేషన్ షేర్ చేస్తాం అంటారు. కంట్రోల్ రూమ్‌కి కావలసింది వీధి పేరు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుడో బ్యాంకో, కాలుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, పెద్ద లారీ పట్టే దారి ఎటునుంచి ఉంది. అవతలివాళ్ళు పెట్టేసేదాకా మనం పెట్టకూడదు. 101, అన్ని అత్యవసరాలకీ పనికొచ్చే 112, అంబులెన్స్ 108 మూడూ నోటికి రావాలి. మన స్కూళ్ళలో పదేళ్ళు చదివించి ఈ మూడు నంబర్లు నేర్పకుండా వదిలేయడం నాకు చాలా బాధ కలిగించే సంగతి.

ఇప్పుడు హోస్ సంగతి. పిల్లలకి అదే ఇష్టం, కాదనను. కానీ లెక్క తెలిసినవాళ్ళే పట్టించాలి. పంపు నుంచి నీళ్ళు తెచ్చే 63 మిల్లీమీటర్ల డెలివరీ హోస్ 15 మీటర్లది నీళ్ళు నిండితే, లోపలి నీళ్ళ బరువే దాదాపు 47 కిలోలు. 20 మిల్లీమీటర్ల నాజిల్‌ని 7 బార్ ఒత్తిడితో వదిలితే వెనక్కి తన్నే బలం 45 కిలోల దాకా ఉంటుంది. యాభై కిలోల పిల్లాడు ఆగలేడు. హోస్ చివర చేత్తో పట్టుకునే గొట్టాన్ని బ్రాంచ్ అంటారు, అది చేయి జారిందంటే ఆ ఇత్తడి ముక్క గాల్లో కొట్టుకుంటూ ఎవరి మొహానికైనా తగలొచ్చు. అదే 12 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి పంపు 3 బార్ దగ్గర ఉంచితే తన్ను ఏడు కిలోలే. పిల్లలకి పెట్టాల్సింది అది. అప్పుడు కూడా ఒకరు బ్రాంచ్ పట్టుకుని, ఇంకొకరు వెనక హోస్‌ని చంకలో బిగించి, ఎడమకాలు ముందుకేసి నిలబడ్డాకే ‘వాటర్ ఆన్’ అనాలి. పంపు దగ్గరున్నవాళ్ళు వాల్వు మెల్లగా తిప్పాలి. ‘నాక్ ఆఫ్’ అంటే ఆపడం, ‘మేకప్’ అంటే విప్పి, నీళ్ళు ఒంపి, చుట్టడం. చుట్టేటప్పుడు కప్లింగ్‌ని, అంటే రెండు హోస్‌లని కలిపే లోహపు జాయింటుని, సిమెంటు నేల మీద దబ్బున పడేస్తారు. అంచు సొట్టపోతే రెండోది అందులోకి ఎక్కదు. లోపలి వాషర్ ఊడి ఎక్కడో పడిపోతుంది, మర్నాడు జాయింటు దగ్గర నీళ్ళు చిమ్ముతాయి. ఆ సామాన్ల మీద శ్రద్ధ నేర్పే క్యాంపు మంచి క్యాంపు.

మంట ఆర్పడం దగ్గర నేను చాలా గట్టిగా ఉంటాను. సాధన మంటకి ఇనుప ట్రేలో అడుగున నీళ్ళు, పైన డీజిల్, అంటుకోవడానికి కొంచెం పెట్రోలు. వెలిగించేది శిక్షకుడే, పొడుగాటి కర్ర చివర గుడ్డ కట్టి, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి. పెట్రోలు పోసి కాసేపు మాట్లాడుతూ నిలబడితే ఆవిరి నేలబారుగా పాకి కాళ్ళ దగ్గరికొస్తుంది. ఆరిన ట్రేలో వెంటనే మళ్ళీ ఇంధనం పోయడం మరీ ప్రమాదం, వేడి లోహం చాలు అంటుకోవడానికి. ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య ట్రే పూర్తిగా చల్లారాలి, తొందరపడేవాడు శిక్షకుడు కాడు. పిల్లాడు 6 కిలోల ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ (మంట ఆర్పే పొడి నింపిన సిలిండర్) పట్టుకుని మూడు మీటర్ల దూరంలో మొదలుపెట్టాలి. లీవర్ నొక్కి పట్టుకుని పిన్ను లాగితే రాదు, లీవర్ వదిలి లాగాలి. మరీ దగ్గరికి వెళ్తే పొడి వేగానికి ఇంధనమే ఎగిరిపడుతుంది. గురి మంట మొదట్లోకి, పైకి కాదు. సిలిండర్ మొత్తం 15, 20 సెకన్లలో ఖాళీ అవుతుంది. మంట కనపడకపోగానే పిల్లలు వెనక్కి తిరిగి చప్పట్ల కోసం చూస్తారు. ట్రే వైపే చూస్తూ వెనకడుగు వెయ్యాలి, మళ్ళీ అంటుకోవడం మామూలే.

బట్టల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. స్కూల్ ట్రాక్ సూట్ పాలిస్టర్. వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పాత నూలు ప్యాంటు, పూర్తి చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు. మంట దగ్గర ఇవి లేని పిల్లాడు గట్టు మీద కూర్చుని చూడాల్సిందే.

వంటింటి పాఠం ఉందా అని కూడా అడగండి. బాణలిలో నూనె అంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టాలి, బాణలి కదపకూడదు, మూత వెంటనే తీయకూడదు. నీళ్ళు పోస్తే అవి అడుగుకి దిగి, దాదాపు 1700 రెట్లు వ్యాకోచించే ఆవిరై, మండే నూనెని సీలింగ్ దాకా ఎగజిమ్ముతాయి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వెయ్యకూడదు, వేసి ఉన్నదాన్ని ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకు నంబరు 1906కి ఫోన్ చెయ్యాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, కిందే పేరుకుంటుంది. తడి గోనె సంచితో సిలిండర్ మంట ఆర్పే విన్యాసం ప్రతి క్యాంపులోనూ చూపిస్తారు, చూడ్డానికి బాగుంటుంది. మంట ఆరినా వాల్వు కట్టకపోతే గ్యాస్ కారుతూనే ఉంటుందని, ఇందాకటి మంట కన్నా అది ఎక్కువ ప్రమాదమని గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ.

ఫస్ట్ ఎయిడ్‌లో సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం) నేర్చుకునే బొమ్మ అయిదారుగురికి ఒకటి ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకి రెండు శ్వాసలు. పిల్లలు మోచేతులు వంచుతారు, నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వరు. రెండు నిమిషాలకి చేతులు అలిసిపోతాయి, అక్కడ మనిషి మారాలి. కాలిన గాయానికి 20 నిమిషాలు ధారగా కుళాయి నీళ్ళు, అంతే. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, ఐస్ ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యాలి. ఈ ఒక్క అలవాటు మార్చుకుని ఇంటికొస్తే మీ అమ్మగారి చేత కూడా టూత్‌పేస్ట్ మాన్పిస్తాడు.

తాళ్ళు, ఎత్తులు ఉన్న క్యాంపు అయితే ఇంకా జాగ్రత్త. 2018 జులైలో కోయంబత్తూరులోని ఒక కాలేజీలో విపత్తు శిక్షణ అని పెట్టి, రెండో అంతస్తు నుంచి కింద విద్యార్థులు పట్టుకున్న వలలోకి దూకమన్నారు. పందొమ్మిదేళ్ళ అమ్మాయి సన్‌షేడ్ మీద కూర్చుని వెనకాడింది. శిక్షకుడు తోశాడు. మొదటి అంతస్తు సన్‌షేడ్‌కి తల తగిలి చనిపోయింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆ శిక్షణకీ, ఆ శిక్షకుడికీ తమతో సంబంధం లేదని చెప్పింది. ఆ వీడియో దేశమంతా చూసింది, అయినా వలలోకి దూకించే క్యాంపులు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల్ని వలలోకి దూకించడం శిక్షణ కాదు. ఎత్తు నుంచి దింపితే హార్నెస్ ఉండాలి, రెండు వేర్వేరు ఆధారాలకి కట్టిన రెండు తాళ్ళు ఉండాలి, కింద తాడు పట్టుకునే మనిషి శిక్షకుడే అయ్యుండాలి. భయపడి వద్దన్న పిల్లాడిని బలవంతపెట్టకూడదు. శిక్షకుడు ఎక్కడ పనిచేశాడో, అగ్నిమాపక శాఖలోనా, ఎన్‌డీఆర్‌ఎఫ్‌లోనా (జాతీయ విపత్తు స్పందన దళం), కాగితం చూపించమనండి. మొహమాటపడకండి.

మే నెల ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మైదానం పని పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు తర్వాత. మధ్యాహ్నం నీడలో తాడు ముడులు, గాయాల కట్లు, సీపీఆర్. 42 డిగ్రీల్లో ఫోటో కోసం పిల్లలకి ఫైర్ సూట్ తొడిగితే వడదెబ్బే. లీటరు నీళ్ళకి ఒక ఓఆర్‌ఎస్ పొట్లం, దాహం వేసేదాకా ఆగకుండా.

సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకండి. అగ్నిమాపక శాఖలో చేరాలంటే 18 నిండాలి, విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకి ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర శిక్షణకీ 18 ఏళ్ళే మొదలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి ఫైర్ ఎక్స్‌ప్లోరర్ పోస్టులు (ఉద్యోగాలు కావు, పిల్లల శిక్షణ బృందాలు) 14 ఏళ్ళ నుంచే ఉన్నాయి, ఏడాది పొడవునా వారానికో పక్షానికో స్టేషన్లో సాధన చేస్తారు. మనకి అలాంటిది ప్రతి జిల్లా కేంద్రంలో రావాలి, అయిదు రోజుల క్యాంపు దానికి సాటి రాదు. మన దగ్గర ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో బొంబాయి డాక్ పేలుడులో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం. ఆ వారం స్టేషన్లలో ప్రదర్శనలు ఉంటాయి, ఉచితం. పిల్లలకి పరీక్షలు ముగిసే రోజులు కావడంతో ఎక్కువమంది వెళ్ళలేకపోతున్నారు. వీలుంటే వచ్చే ఏడాది తీసుకెళ్ళండి.

క్యాంపు నుంచి వచ్చిన రోజు సాయంత్రం మీ ఫ్లాట్ నుంచి బయటికి రెండు దారులు చూపించమనండి. రెండో మెట్ల మీద సైకిళ్ళు, అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, తలుపుకి తాళం ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళతో మాట్లాడి అవి తీయించే పని మాత్రం మీదే, పిల్లాడి మాట వాళ్ళు వినరు.