ఆనైమలై ఎగిరే కప్ప కోసం వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

తమిళనాడు ఆనైమలై కొండల్లోని వాల్పారై వైపు వానల్లోనే వెళ్తున్నావు కాబట్టి కెమెరా కంటే ముందు బూట్ల సంగతి చూసుకో. కప్పల్ని చంపే కైట్రిడ్ బూజు తడిమట్టితో ఒక వాగు నుంచి ఇంకో వాగుకు చేరుతుంది. చోటు మారిన ప్రతిసారీ అడుగు గాట్లలోని మట్టిని బ్రష్‌తో రాల్చి, ఆ తర్వాతే 70 శాతం ఆల్కహాల్ పట్టించి నిమిషం సేపు తడిగా ఉంచు. మట్టి మీదే చల్లితే మందు అడుగుకి చేరదు. బ్లీచింగ్ నీళ్లు బసలోనే వాడు, వాగు గట్టున పారబోయకు. పూర్తిగా ఆరబెట్టినా ఆ బూజు చస్తుంది కానీ, ఆ కొండల్లో వానాకాలం రుమాలు కూడా ఆరదు. రెండు జతలు తీసుకెళ్లు.

జలగలకని ఉప్పు, పొగాకు, దోమల క్రీము పూసుకోకు. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, నీ వేలికున్నదంతా దాని ఒంట్లోకి పోతుంది. జలగ మేజోళ్లు చాలు.

ఆనైమలై ఎగిరే కప్పను 2000లో కొత్త జాతిగా వర్ణించింది కార్తికేయన్ వాసుదేవన్ (మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తే), సుశీల్ దత్తా. మలబార్ ఎగిరే కప్పతో పొరబడడం తేలిక. పచ్చటి వీపు మీద ముదురు గీతలు ఆకు ఈనెల్లా అల్లుకున్నాయా అన్నది ముందు చూడు. వీపు, పక్క, మొహం మూడూ ఫొటో తియ్యి. కాళ్లు ముడుచుకుంటే వేళ్ల మధ్య పొర కనబడదు, అయినా లాగి చూడకు. హెడ్‌ల్యాంప్ నీ కళ్ల ఎత్తులోనే ఉంటే వాటి కళ్ల మెరుపు దొరుకుతుంది. మొదటి రాత్రి మెరిసేవన్నీ సాలీళ్లే అవుతాయనుకో.

అసలు జాగ్రత్త నురగ గూడు దగ్గర. జత కూడేటప్పుడు కప్పలు స్రావాన్ని వెనక కాళ్లతో మజ్జిగలా చిలికి, నీటి మీదికి వంగిన ఆకుల్లో ఆ నురగ పెట్టి గుడ్లు దాస్తాయి. పైపొర ఆరి బిగుస్తుంది, లోపల తడి నిలుస్తుంది. వానకు మెత్తబడ్డాక తోకకప్పలు కిందికి జారతాయి. ఫొటో కోసం కొమ్మను జానెడు పక్కకు లాగావో, అవి పడేది నేల మీద. అందుకే కొమ్మ విరవకు, కట్టకు, అడ్డమొచ్చిన ఆకు కూడా తుంచకు. గూడు ఎత్తు కర్రతో కొలువు, కింద ఉన్నది వాగా, గుంటా, బండి చక్రాల జాడలో నిలిచిన నీరా అన్నది రాసుకో. రెండు మూడు రోజులకోసారి దూరం నుంచే చూసిరా.

ఫోన్‌లో లొకేషన్ ఆపేశాకే ఫొటోలు ఎవరికైనా పంపు. కచ్చితమైన చోటు అటవీ శాఖకిచ్చే నివేదికలోనే ఉండాలి.

అనుమతి పత్రం నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, అటవీ శాఖ వాచర్ లేకుండా రాత్రి అడుగు బయట పెట్టకు. ఏనుగు అలికిడైతే ఆయన చెప్పిందే వేదం, కప్పల లెక్క మర్నాటికి.

మీ మామయ్య