జౌగడ బండ ముందు వీఆర్ కళ్లద్దాలు

ప్రశ్న: మాది గంజాం జిల్లా పురుషోత్తంపూర్ దగ్గరి పల్లె. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. జౌగడ అశోక శాసనం చూడడానికి వచ్చేవారు ఐదు నిమిషాలు నిలబడి, ఫోటో తీసుకుని బరంపురం బస్సెక్కేస్తారు. ఈమధ్య ఒక సంస్థవారు వచ్చి, కళింగ యుద్ధాన్ని వర్చువల్ రియాలిటీలో (వీఆర్; ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకుంటే దృశ్యం మన చుట్టూ ఉన్నట్టే కనిపిస్తుంది) చూపిస్తామనీ, మా యువజన సంఘం సహకరించాలనీ అడిగారు. ఒప్పుకోవచ్చునా? ఒప్పుకుంటే ఏమి అడగాలి?

సమాధానం: ఒప్పుకోవచ్చు గాని, ఆ యుద్ధాన్ని మాత్రం వద్దనండి. కళింగంలో జరిగిన ప్రాణనష్టానికి అశోకుడు పశ్చాత్తాపపడినది ఆయన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలలో పదమూడవది. అది మీ బండ మీద లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలి బండ మీదా లేదు. జౌగడలో ఒకటి నుంచి పది వరకు, ఆపైన పద్నాలుగవ శాసనం ఉన్నాయి. మధ్యలోని మూడింటికి బదులు కళింగానికి మాత్రమే ఉద్దేశించిన రెండు ప్రత్యేక శాసనాలు చెక్కారు. ఓడిన నేల మీదనే ఆ ఓటమి లెక్కలు చెక్కించడం రాజుకు ఉచితంగా తోచలేదేమోనని చరిత్రకారులు ఊహించారు. ఏనుగులనూ నెత్తుటి ఏరునూ చూపించి ఇదే బండ చెప్పిన కథ అంటే, అది బండకు అంటగట్టిన కథ అవుతుంది.

బండ మీద నిజంగా ఉన్న మాటలు అంతకంటె విలువైనవి. జౌగడకు అప్పటి పేరు సమాపా. అక్కడి అధికారులను ఉద్దేశించి, ఎవరినీ అకారణంగా బంధించవద్దనీ, హింసించవద్దనీ, మనుషులంతా తన బిడ్డలేననీ రాజు చెబుతాడు. తన ఏలుబడిలో లేని సరిహద్దు ప్రజలు తనను చూసి భయపడకుండా చూడాలని రెండవ ప్రత్యేక శాసనంలో ఆదేశిస్తాడు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం నాడు, అంటే మన పుష్యమి నాడు, చదివి వినిపించాలనీ, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించవచ్చుననీ కూడా అందులోనే ఉంది. వీఆర్ కళ్లద్దాలు పెట్టుకునేదీ ఒక్కొక్కరే కదా! ఆ పనిముట్టుకు ఇంతకంటె తగిన పని నాకైతే తోచడం లేదు.

అరిగిపోయిన బ్రాహ్మీ అక్షరాలు మిట్టమధ్యాహ్నపు వెలుతురులో ఆనవు. బండను అన్ని వైపుల నుంచీ వందల ఫోటోలు తీసి కంప్యూటర్‌లో దాని రూపాన్ని నిలబెట్టి, దాని మీద ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడేటట్టు చేస్తే, గాట్ల అంచుల్లో నీడ నిలిచి అక్షరం పైకి తేలుతుంది. అలా తేలిన వాక్యం మొదట ప్రాకృతంలో, తరువాత ఒడియాలో, తెలుగులో వినబడాలి. ఆ గొంతులు నగరంలోని వ్యాఖ్యాతలవి కాకుండా మీ ఊరి మాస్టారిదీ, పొలం నుంచి వచ్చిన రైతుదీ అయితేనే గ్రామస్థుల భాగస్వామ్యం అన్న మాటకు అర్థం ఉంటుంది. జౌ అంటే లక్క. అది లక్కతో కట్టిన కోట అని పెద్దలు చెప్పుకునే కథను కూడా ఒక అవ్వ చేత చెప్పించండి, కాకపోతే కథగానే. తవ్వకాలలో బయటపడిన మట్టి కోటగోడను ఒక రంగులో, ఊహించి నిలబెట్టిన కట్టడాలను వేరొక రంగులో చూపాలని గట్టిగా కోరండి. తెలిసినదేదో ఊహించినదేదో చూసేవారికి స్పష్టంగా ఉండాలని వారసత్వాన్ని కంప్యూటర్‌లో చూపే పనికి మార్గదర్శకంగా 2006లో రూపొందిన లండన్ చార్టర్ చెబుతున్నదీ ఇదే.

ఇక ఒప్పందం. అది రక్షిత స్థలం గనుక చిత్రీకరణకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతి ముందే చూపించమనండి. తీసిన అసలు ఫైళ్ల నకలు ఒకటి పంచాయతీ దగ్గర ఉండాలి. లేకపోతే సంస్థ మూతపడిన రోజున మీ బండ రూపం ఎవరి హార్డ్‌డిస్కులో ఉందో తెలియదు. కళ్లద్దాలను తుడిచి, ఛార్జింగ్ పెట్టి, వచ్చినవారికి తగిలించే మనిషి మీ ఊరివాడై, నెల జీతం పొందాలి. వీటిని బండ పక్కన పెట్టకండి. ఊళ్లో ఒక గదిలో పెడితే సందర్శకుడు వీధులు దాటి, ఒక టీ తాగి బండ దగ్గరికి నడుస్తాడు. ప్రదర్శన ఆరేడు నిమిషాలు మించవద్దు, దృశ్యం తనంతట కదలవద్దు. కూర్చున్నవాడి కళ్లకు కదలిక కనిపించి, చెవిలోని సమతుల్య అవయవానికి అది తెలియకపోతే తల తిరుగుతుంది.

ప్రశ్న: బరంపురం ఠాకురాణి యాత్రను 360 డిగ్రీల కెమెరాతో తీస్తే, రేపు జనం యాత్రకు రావడం మానేయరా?

సమాధానం: రెండేళ్లకొకసారి వచ్చే అమ్మవారి యాత్ర అది. మొక్కు తీర్చుకోవడానికి వేషం వేసేవాడు కళ్లద్దాల్లో వేషం వేయలేడు. మీ అసలు సందేహం వేరొకచోట ఉండాలి: వేషం వేసినవారి, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్నారా, ఏ ఘట్టం తీయకూడదో యాత్ర నడిపే పెద్దలను అడిగారా అన్నది. పండుగలు, ఆటపాటలు వంటి అమూర్త వారసత్వాన్ని కాపాడే పనిలో దానిని మోసే సమాజాలే పాలుపంచుకోవాలని 2003 నాటి యునెస్కో ఒప్పందం 15వ అధికరణంలో చెబుతుంది. అవన్నీ సరిగా ఉంటే నిరభ్యంతరంగా తీయనివ్వండి. సూరత్ మరమగ్గాల దగ్గర సెలవు దొరకక ఆగిపోయిన గంజాం కుర్రవాడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ రాత్రి తన వీధిలో కాసేపు నిలబడతాడు.