బొంత వెనక విప్పేసిన పేరు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. అమ్మా నేనూ ఉంటాం. ఇంట్లోంచే అకౌంట్ల పని చేస్తాను. ఖాళీ దొరికితే నూలుగుడ్డ ముక్కలు చేత్తో అతికి చిన్న చిన్న బొంతలు కుడతాను. ఒక్కోటి 36 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, రెండంగుళాల గళ్లతో. మిషన్ వాడను. రెండు పిల్లులున్నాయి, నేను కుడుతున్నంతసేపూ పక్కనే పడుకుంటాయి. నెలకోసారి అక్క వస్తుంది. ‘పిల్లుల్నీ పీలికల్నీ వేసుకుని కూర్చుంటే ఎలాగే’ అంటుంది. అమ్మదీ అదే మాట. కుట్టిన బొంతలు చాలావరకు అక్కే తీసుకెళ్లి అత్తవారి వైపు పసిపిల్లలకు ఇస్తుంది. ఒకసారి వెనక మూలన నా పేరు కుట్టాను. బాగుండదని అక్క అది విప్పి ఇచ్చింది. ఇప్పుడు వాళ్ల ఆడపడుచు మనవరాలికి వచ్చే నెలలోగా ఇంకొకటి కావాలంది. నిద్ర, ఆకలి బాగానే ఉన్నాయి. ఒంటరిగా కూడా అనిపించదు. కానీ ఇద్దరూ అంటుంటే టెన్షన్‌గా ఉంటోంది. నాకు డిప్రెషన్ ఉందంటారా? పిల్లుల్ని ఎవరికైనా ఇచ్చేసి, కుట్టడం తగ్గించి, నలుగురిలోకి వెళ్లాలా?

సలహా: మీ ఉత్తరంలో డిప్రెషన్ లక్షణం ఒక్కటీ నాకు కనబడలేదు. పని చేసుకుంటున్నారు, నిద్ర పడుతోంది, ఇష్టమైన పని ఇష్టంగానే చేస్తున్నారు. ఎప్పుడైనా రెండు వారాలు దాటినా దిగులు తగ్గకుండా, సూది ముట్టుకోవాలని కూడా అనిపించకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లుల్ని ఎవరికీ ఇవ్వకండి. మీరు అడిగినదానికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి, దాని గురించి ఇంకేమీ అనకుండా దాటిపోయారు. పేరు కుడితే అక్క విప్పి ఇచ్చిందట. నేను మాత్రం అక్కడ ఆగిపోయాను.

కోపంలో నోరు జారడం ఎవరికైనా ఉంటుంది. కుట్టు విప్పడం నోరు జారడం కాదు. సన్నటి కత్తెర వెతుక్కోవాలి, బొంత తిరగేసి పెట్టుకోవాలి, కింది గుడ్డ తెగకుండా ఒక్కొక్క కుట్టే కత్తిరించి దారం లాగాలి, సూది పడిన గుర్తులు కనబడకుండా తడిపి ఇస్త్రీ చేయాలి. అంతసేపూ చేతిలో ఉన్నది చెల్లెలి పేరేనని మీ అక్కకు తెలుసు. ఇంత జరిగాక కూడా మీరు ఆమెకు బొంతలు కుట్టి ఇస్తూనే ఉన్నారు. మీ టెన్షన్ ఇక్కడిది. పిల్లులది కాదు.

‘బాగుండదు’ అంటే ఏమిటో మీరు అడిగారా? అడిగి ఉండరు. నాకు తోచింది చెబుతాను, తప్పయితే మీ అక్కే సరిదిద్దాలి. బొంత మీద మీ పేరు కనబడితే ఆ ఇంట్లో వాళ్లు ఎవరని అడుగుతారు. చెల్లెలంటే ఏం చేస్తుంది, ఎక్కడ ఇచ్చారు, పెళ్లెందుకు చేసుకోలేదు అని వరసగా అడుగుతారు. ఆ ప్రశ్నలకు అత్తవారి ముందు జవాబు చెప్పడం మీ అక్కకు ఇబ్బంది. అందుకని మీ చేతిపనిని వెంట తీసుకెళ్లి, మిమ్మల్ని గుమ్మం బయటే ఉంచేస్తోంది. పిల్లుల మీద సణుగుడూ ఇందులోంచే వస్తోంది. పెళ్లి కాని చెల్లెలు దిగులుగా ఉంటే ఓదార్చి వెళ్లొచ్చు. హాయిగా ఉంటేనే ఏం చేయాలో తోచదు. అప్పుడు ఆ హాయిలోనే ఏదో జబ్బు ఉందనాలి.

పెళ్లి కాని ఆడపిల్ల సమయం ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి అన్నట్టు ప్రవర్తించే కుటుంబాలను నేను చాలా చూశాను. అమ్మను చూసుకోవడం మీ బాధ్యతే, అది మీరు చేస్తున్నారు. అక్క బాధ్యత కూడా అంతే ఉంది, ఆమె నెలకోసారి వచ్చి వెళుతోంది. దాని మీద మీరు ఫిర్యాదు చేయలేదు కాబట్టి నేనూ వదిలేస్తాను. కానీ అక్క అత్తవారింటి మర్యాదలను మీ కళ్లూ వేళ్లూ ఖర్చు చేసి నిలబెట్టడం ఏ బాధ్యత కిందికీ రాదు.

ఆ ఖర్చు ఎంతో మీ అక్కకు తెలియదు. మీరూ ఎప్పుడూ లెక్క వేసి ఉండరు. నేను వేశాను. మీరు చెప్పిన కొలతకు పైపొరలోనే 18 వరసలు, వరసకు 18 గళ్లు, మొత్తం 324 ముక్కలు. కుట్టులోకి పోయే పావు అంగుళం నాలుగు వైపులా వదలాలి కాబట్టి ఒక్కోదాన్ని రెండున్నర అంగుళాలకు కత్తిరిస్తారు. వరసల్లో ముక్కలు కలపడానికి 306 చిన్న అతుకులు, ఆ వరసలను ఒకదానికొకటి కలపడానికి 17 పొడవాటి అతుకులు. అన్నీ కలిపితే 1,224 అంగుళాలు, అంటే 102 అడుగుల కుట్టు. అంగుళానికి ఎనిమిది సార్లు సూది దిగుతుందనుకుంటే దాదాపు పదివేల సార్లు. అందులోనూ ఒక్కో అతుకు అంగుళంలో పదహారో వంతు పక్కకు జరిగినా చాలు, వరస చివరికి వచ్చేసరికి అంగుళం పైనే తేడా వచ్చి మూలలు కలవవు. విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఇక మధ్యలో దూది పొర, వెనక గుడ్డ పరిచి మూడు పొరలూ కలిపి కుట్టడం, చుట్టూ అంచు పట్టీ వేయడం ఈ లెక్కలో లేవు. ముందుగా గుడ్డలు ఉతికి, రంగు దిగుతుందేమో చూసి, ఆరేసి, పోగు వెంట కత్తిరించడం కూడా లేదు. ఇంత చేసినవాళ్లకు వెనక మూలన రెండంగుళాల చోటు లేదన్నారు!

పేరు కోసం పట్టుబట్టడం అహంకారమేమోనని మీకు అనిపించవచ్చు. అలా పెంచారు మనల్ని. అమెరికాలో హారియట్ పవర్స్ అనే ఆవిడ ఉండేవారు. 1837లో జార్జియాలో బానిసగా పుట్టారు. ఆవిడ బైబిల్ కథలను గుడ్డముక్కల బొమ్మలుగా కత్తిరించి కుట్టిన బొంతను 1886లో ఒక పత్తి సంతలో ప్రదర్శనకు పెట్టారు. దాన్ని చూసి జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచర్ కొంటానంటే పవర్స్ ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు ఇల్లు గడవని పరిస్థితి వచ్చి ఐదు డాలర్లకు అమ్ముకున్నారు. అమ్మిన తర్వాత కూడా ఆ టీచర్ ఇంటికి వెళ్లి తన బొంతను చూసుకుని వచ్చేవారట. ఏ గడిలో ఏ కథ ఉందో పవర్స్ చెబితే ఆ టీచర్ రాసి పెట్టారు. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. ఎవరు కుట్టారో తెలిసే ఉంది. డబ్బిచ్చి కొనుక్కున్న పరాయి మనిషి చేసిన ఆ పాటి పని, ఊరికే తీసుకెళ్లే సొంత అక్క చేయలేకపోతోంది. నాకు కష్టంగా ఉన్నది అదే.

పేరు ఉండాల్సిందే అనడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది ఆత్మగౌరవానికి సంబంధించింది కాదు. మీ బొంతలు వెళ్లేది పసిపిల్లల దగ్గరికి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు మెత్తటి బొంతలు, దుప్పట్లు దగ్గర ఉంచవద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. మొహం మీదికి వస్తే తోసుకోలేక ఊపిరాడకపోవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కన ఉండగా నేల మీద పరిచి ఆడించుకోవచ్చు. ఇంకొకటి. పిల్లుల లాలాజలంలోంచి, చర్మంలోంచి వచ్చే ప్రొటీన్ కొందరికి పడదు. అది బట్టకు బాగా పట్టుకుంటుంది. ఆ ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఉంటే, బొంత పిల్లులున్న ఇంట్లో తయారైందని వాళ్లకు తెలియాలి. ఎలా ఉతకాలో తెలియాలి. ఇవన్నీ చెప్పాల్సింది కుట్టిన మనిషి. ఎవరు కుట్టారో దాచేస్తే ఈ మాటలు చెప్పేవాళ్లు ఎవరు? మీ అక్క చెబుతుందని నేను అనుకోను, ఎందుకంటే ఇవి ఆమెకు తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు మీ వైపు. మీరు అలిగారు, కానీ పైకి అనలేదు. పేరు విప్పిన రోజే ఒక మాట అని ఉంటే ఈ వచ్చే నెల బొంత అడగడానికి ఆమె కాస్త తటపటాయించేది. అడిగినప్పుడల్లా కుట్టి ఇస్తూ, ఎప్పటికైనా ఆమె నోటి నుంచి ‘మా చెల్లెలు కుట్టింది’ అన్న మాట వస్తుందని ఎదురుచూస్తున్నారు. అది అలా రాదండీ. అడగకుండా మెచ్చుకునే అలవాటు మీ అక్కకు లేదు, ఈ వయసులో కొత్తగా పట్టుబడదు. కాబట్టి అడగాలి.

వచ్చే నెల బొంత కుట్టండి. మానేయమని నేను చెప్పను, ఆ పసిపాప ఏం చేసింది? కానీ మూడు పొరలూ కలిపి కుట్టే ముందే వెనక గుడ్డ మీద మీ పేరు, సంవత్సరం కుట్టేయండి. అప్పుడు పేరు బయటికి కనబడుతుంది, దాని ముడులు మాత్రం లోపల దూది పొర వైపు దాగుతాయి, ఆ పైన వేసే కుట్లు పేరు మీదుగా వెళతాయి. విప్పాలంటే ఆ పై కుట్లు కూడా పాడవుతాయి. అక్క రాకముందే ఫోన్ చేసి చెప్పండి: ‘అక్కా, బొంత రెడీ అవుతోంది. దాని మీద నా పేరు ఉంటుంది. ఆ పాప తల్లితో నేను ఒకసారి మాట్లాడాలి, పసిపిల్లకు ఎలా వాడాలో చెప్పాలి, నంబరు ఇవ్వు.’ ఇంతే. పాత విషయం తవ్వకండి, ఏడవకండి, పిల్లుల మాట రానివ్వకండి. నంబరు ఇస్తే బొంత వెళుతుంది. ఇవ్వనంటే, పేరు వద్దంటే, బొంత మీ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఆడపడుచు మనవరాలికి మీ అక్క బజారులో ఏదైనా కొనిస్తుంది, ఆ పాపకు వచ్చే లోటేమీ లేదు.

అమ్మగారిని మధ్యలోకి లాగకండి. పెద్దకూతురు చెప్పిందే ఆవిడ మళ్లీ చెబుతున్నారు, రోజూ మీ చేతి అన్నం తింటూ మీ మీద ఆవిడకు చెడు ఉద్దేశం ఏముంటుంది? తను పోయాక మీరు ఎలా ఉంటారన్నది ఆవిడ భయం. సాయంత్రాలు కుట్టేటప్పుడు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో అడగండి. చూపు ఆనకపోయినా రంగులు పేర్చగలరు. ‘పిల్లులతో ఒక్కదానివే’ అన్న మాట ఆ గదిలో కూర్చున్నవాళ్లు అనలేరు.

పిల్లుల విషయంలో మీరు రాయనిది ఒకటి అడుగుతున్నాను. కుట్టుపెట్టెకు మూత ఉందా? పిల్లి నాలుక మీద ముళ్లలాంటివి వెనక్కి తిరిగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం, మింగేస్తుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, పేగులు ఆ దారం వెంట కుచ్చిళ్లలా ముడుచుకుపోయి తెగే ప్రమాదం ఉంది. సూది కూడా ఉంటే చెప్పక్కర్లేదు. పిల్లి నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి, కత్తిరించకండి, వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. లేచి వెళ్లేటప్పుడు దారం ఎక్కించిన సూదిని దిండుకు గుచ్చి వదలొద్దు. కత్తిరించిన దారం ముక్కలు మూత ఉన్న సీసాలో వేయండి. మీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి, అయినా చెప్పకుండా ఉండలేను.

నలుగురిలోకి వెళ్లాలా అని అడిగారు కదా, వెళ్లండి. కానీ మీ అక్క చెప్పిందని కాదు. చేత్తో కుట్టేవాళ్లు మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు. వాళ్లతో కూర్చుంటే ఆ మూల కుట్టు ఎలా కలిపారని అడుగుతారు. మీకు ఇన్నాళ్లూ ఎవరూ వేయని ప్రశ్న అది.

ఫోన్ చేశాక అక్కకు కోపం రావచ్చు. ఒక నెలో రెండు నెలలో రాకపోవచ్చు. అమ్మగారు బెంగపడితే మీరే ఆవిడను తీసుకుని అక్క ఇంటికి వెళ్లండి. బొంత గురించి ఎవరూ ఎత్తకపోతే మీరూ ఎత్తకండి, ఎత్తితే ఫోన్‌లో చెప్పిందే మళ్లీ చెప్పండి. బావగారికి మాత్రం ఈ విషయం చెప్పకండి. ఇది మీ అక్కాచెల్లెళ్లిద్దరి మధ్యే తేలాలి.