హ్యాంగ్ అయిన ల్యాప్‌టాప్ పవర్ బటన్ నొక్కే ముందు

డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మీ అమ్మాయి ల్యాప్‌టాప్ రోజుకు రెండు మూడు సార్లు బిగుసుకుపోతోందని, మౌస్ కూడా కదలడం లేదని, ప్రతిసారీ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తున్నామని, అనంతపురంలో షాపతను కొత్తది కొనుక్కోమన్నాడని రాశారు. కొనే మాట తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే ఆమె ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించండి. అది మొదలుపెట్టాకే మిగతాది చదవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది కడప. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2022 మే నెలలో నా ల్యాప్‌టాప్ అచ్చం మీరు చెప్పినట్టే హ్యాంగ్ అవడం మొదలైంది. ఎండలు మండుతున్నాయి, పైగా మా వీధి వెనకే బండల పాలిష్ యూనిట్ ఉంది. కిటికీ తీస్తే చాలు, టేబుల్ మీద బూడిద రంగు దుమ్ము. వేడికీ దుమ్ముకీ ఇలా అవుతోందని తీర్మానించుకుని ఫ్యాన్ శుభ్రం చేయించాను. రెండు రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదలు. మూడు వారాల పాటు హ్యాంగ్ అయినప్పుడల్లా పవర్ బటన్ నొక్కి ఆపుతూ వచ్చాను. ఒకరోజు పొద్దున అసలు ఆన్ కాలేదు.

ఏడు రోడ్ల దగ్గర ఒక చిన్న షాపుకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి ల్యాప్‌టాప్‌ను చెవి దగ్గర పెట్టుకుని విని, "సార్, హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటాంది. హ్యాంగ్ అయినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూసినారా?" అని అడిగాడు. నాకు ఆ సంగతే తెలియదు. అతను రెండు రోజులు కష్టపడి చాలావరకు ఫైళ్లు బయటికి తీశాడు. కానీ రెండేళ్ల ప్రశ్నపత్రాలు, పిల్లల కోసం గీసుకున్న బొమ్మలు పోయాయి. ఆ బొమ్మల్లో కొన్నింటిని ఇప్పటికీ మళ్లీ గీయలేకపోయాను.

ఆ అబ్బాయి నేర్పినదే మీకూ చెబుతున్నాను. ఈసారి హ్యాంగ్ అవగానే క్యాప్స్ లాక్ మీట నొక్కి దాని లైటు చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉందన్నమాట. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి ఒకట్రెండు నిమిషాలు ఓపిక పట్టండి. నడుస్తున్న ప్రోగ్రామ్‌లన్నీ చూపించే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే ఏ ప్రోగ్రామ్ ఇరుక్కుందో దాన్ని మాత్రం ఎండ్ టాస్క్ చేయొచ్చు. స్క్రీన్ మాత్రమే బిగుసుకుని పాటలాంటిదేదైనా వినిపిస్తూనే ఉంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. ఒక బీప్ వచ్చి స్క్రీన్ క్షణం నల్లబడి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు.

క్యాప్స్ లాక్ లైటు అసలు మారకపోతే మాత్రం పూర్తిగా ఆగిపోయినట్టే. పది నిమిషాలు చూసి, అప్పటికీ కదలిక లేకపోతే పవర్ బటన్ పది సెకన్లకు పైగా నొక్కిపట్టి ఆపడం తప్ప దారి లేదు. స్క్రీన్ మీద అప్‌డేట్ జరుగుతోందని కనిపిస్తుంటే ఆ పని అస్సలు చేయకండి, ఎంతసేపైనా ఆగండి.

ఇదంతా ఆ పూటకి గట్టెక్కడానికే. అసలు జబ్బు తెలియాలంటే ల్యాప్‌టాప్ బాగా నడుస్తున్నప్పుడే టాస్క్ మేనేజర్‌లో మెమరీ, డిస్క్ వరుసలు చూడాలి. ర్యామ్, అంటే ఆ మెమరీ, 4 జీబీయే ఉండి, క్రోమ్‌లో పది ట్యాబులు తెరవగానే మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచితే సరిపోవచ్చు. మెమరీ బాగానే ఉండి డిస్క్ ఒక్కటే 100 శాతం దగ్గర నిలబడి, పక్కన చదివే వేగం మాత్రం ఒకటి రెండు ఎంబీ కూడా లేకపోతే నాకు జరిగిందే మీకూ జరుగుతోందేమోనని అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. అందులో డిస్క్ పరిస్థితి 'గుడ్' అని కాకుండా పసుపు రంగులో 'కాషన్' అని వస్తే ఇక ఆ డిస్క్‌ను నమ్మకండి. అలాంటి డిస్క్ మీద కాపీ చేయకముందే డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపడం, ఫార్మాట్ కొట్టించడం ప్రమాదం. చివరి ఊపిరిలో ఉన్నదాని చేత బరువు మోయించినట్టవుతుంది.

వేడి సంగతి కొట్టిపారేయను. మన అనంతపురం, కడప ఎండల్లో ఫ్యాన్ దుమ్ము పట్టిందంటే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, మరీ కాలితే ల్యాప్‌టాప్ దానంతటదే ఆరిపోతుంది. మీ అమ్మాయి పరుపు మీద పెట్టుకుని చదువుతుంటే మాన్పించండి. గాలి వెళ్లే సందులు మూసుకుపోతాయి. మన ఇళ్లలో కడప బండ పరిచిన అరుగు ఉంటుంది కదా, చదునుగా చల్లగా, దానికంటే మంచి చోటు లేదు.

డిస్కే పోతోందని తేలినా కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని ఉండకపోవచ్చు. తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ కొత్తగా ఎక్కిస్తే చాలు. నా ల్యాప్‌టాప్ అలాగే ఇప్పటికీ నడుస్తోంది, దాని మీదే ఇది రాస్తున్నాను. షాపులో పాత డిస్క్ మాత్రం అడిగి వెనక్కి తెచ్చుకోండి, అందులో అమ్మాయి ఫొటోలూ సర్టిఫికెట్లూ ఉంటాయి.

క్యాప్స్ లాక్ లైటు ఏమైందో, డిస్క్ ఎంత శాతం చూపించిందో రాయండి. రాత్రి తొమ్మిది తర్వాత నాకు తీరిక ఉంటుంది, చూసి చెబుతాను.